ఉప్పుగాలిలో పాత బాంబర్ విమానాన్ని నిలబెట్టుకోవడం ఎలా?

రెక్క అడుగున పెన్సిల్ దూరేంత చిన్న రంధ్రాలు వరసగా కనిపిస్తే, దయచేసి వాటిని లప్పం పెట్టి మూసేయకండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం విమానం దక్కినట్టే. మిగతాదంతా ఆ సగాన్ని మొత్తం చేసుకోవడానికి.

మాది కోనసీమ. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. అంటే ఇంజను పని కాదు, విమానం ఒళ్లు చూసుకునే పని: రేకు, రివెట్లు, రెక్క, తోక, చక్రాలు. ఇంటికొచ్చాక మా వైపు ఒక సంస్థ వాళ్లు, ఆవరణలో పెట్టుకున్న పాత విమానాన్ని ఒకసారి చూసి పెట్టమని పిలిచారు. రెండు వానాకాలాల కిందటే రంగు వేయించారట, దూరం నుంచి మెరిసిపోతోంది. దగ్గరికెళ్లి రెక్క అడుగున వేలితో తడితే గట్టిగా 'టంగ్' మనాల్సిన చోట నానిన అట్టపెట్టె చప్పుడు వచ్చింది. రంగు కింద లప్పం పెట్టి మూసిన రంధ్రాలు కనిపించాయి. ఒక్కటి తెరిచాను. గోధుమరంగు నీళ్లు పావుగంట సేపు కారుతూనే ఉన్నాయి. నాకు కడుపులో దేవినట్టయింది. వాళ్లు నిర్లక్ష్యంగా చేసిన పని కాదది, రంధ్రం ఉంటే వాన నీళ్లు లోపలికి పోతాయని భయపడి, ప్రేమతోనే మూశారు.

మన డెల్టా వాళ్లకి ఈ విషయం చెప్పడం సులువు. పంట కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువ అంత ముఖ్యమని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి చేలకి నీళ్లు వచ్చాయి సరే, ఆ నీళ్లు తిరిగి సముద్రంలోకి పోయే దారిలో గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుతుందో ప్రతి ఆగస్టులోనూ చూస్తూనే ఉన్నాం, నాట్లు వేసిన చేను వారంలో కుళ్లిపోతుంది. విమానం కూడా అంతే, ఆ చిన్న రంధ్రాలే దాని మురుగు కాలువలు. నీళ్లు లోపలికి రాకుండా ఆపడం మనవల్ల కాదు, వచ్చిన నీళ్లకి దారి చూపించడమే మన పని.

రాకుండా ఎందుకు ఆపలేం అంటే, వాన ఒక్కటే కాదు కదా. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు రేకు చల్లబడితే లోపలి గాలిలో ఉన్న చెమ్మ రేకు లోపలి వైపు మంచులా పట్టి, తెల్లారేసరికి బొట్లు బొట్లుగా కిందికి జారుతుంది. ఎంత బిగించి మూసినా ఆ చెమ్మ అక్కడే పుడుతుంది, ఇంకా బిగిస్తే ఇంకా ఎక్కువసేపు అక్కడే ఉంటుంది. పైగా మనది ఉప్పుగాలి. ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో ఉప్పు జాడీ దానంతటదే నీరు కారడం చూశారు కదా? గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరిగిపోతుంది. మన తీరంలో తెల్లవారుజామున తేమ అంతకంటే పైన ఉండటం మామూలే. కాబట్టి రెక్క మీద ఉప్పు పొర ఉన్నంతకాలం వాన చుక్క పడకపోయినా ఆ రేకు తడిగా ఉన్నట్టే లెక్క.

ఎగిరిన వయసు వేరు, నిలబడిన వయసు వేరు

మొదలుపెట్టే ముందు మీ విమానం ఏ రకమో, ఎన్ని గంటలు ఎగిరిందో, చివరి పెద్ద మరమ్మతు ఎప్పుడు జరిగిందో తెలుసుకోండి. విమానంతో పాటు వచ్చిన లాగ్‌బుక్కులు, డ్రాయింగులు ఉంటే బీరువాలో దాచకుండా ముందు ఫొటోలు తీసుకోండి. పాత ఫిట్టర్లు ఎక్కడ పగులు చూశారో, ఎక్కడ అతుకు వేశారో వాటిలో ఉంటుంది, రేపు మీ విమానంలో తుప్పు మొదలయ్యేది కూడా చాలావరకు అక్కడే.

బాంబర్ వయసుని పుట్టిన ఏడాదితో కొలవరు. ఎగిరిన గంటలు, దిగిన సార్లు, ఎంత ఎత్తులో ఎగిరింది, ఎంత కుదుపు తిన్నది అన్నవి లెక్క. పై ఎత్తుల్లో గాలి నునుపుగా ఉంటుంది, నేలకి దగ్గరగా ఎగిరితే ప్రతి కుదుపూ రెక్క మొదట్లో ఉన్న స్పార్ అనే దూలం మీద పడుతుంది. బ్రిటన్ వాళ్ల వాలియంట్ బాంబర్ సంగతే చూడండి, అది 1955లో సర్వీసులోకి వచ్చింది, ఎత్తులో ఎగరడానికి కట్టినదాన్ని తర్వాత కిందికి దించి నడిపారు, 1964లో స్పార్లలో పగుళ్లు బయటపడ్డాయి, 1965 జనవరికల్లా మొత్తం పక్కన పెట్టేశారు. పదేళ్లే. అదే దేశంలో పుట్టిన కాన్‌బెర్రా 1949 మే 13న మొదటిసారి ఎగిరింది, మన వాయుసేనలోకి 1957లో వచ్చింది, 2007 మే 11న ఆగ్రాలో వీడ్కోలు తీసుకుంది. యాభై ఏళ్లు! 1961లో కాంగోకి ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్లింది, అదే ఏడాది డిసెంబరులో గోవాలో దబోలిం రన్‌వే మీద బాంబులు వేసింది, 1965, 1971 యుద్ధాలు చూసింది, 1999లో కార్గిల్ మీద ఫొటోలు తీస్తుండగా క్షిపణి తగిలి ఒక ఇంజనుతో తిరిగొచ్చింది. నాకు ఆ విమానం అంటే వల్లమాలిన గౌరవం.

నౌకాదళం టీయూ-142 కూడా మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు, విశాఖ బీచ్ రోడ్డులో ఉంది, మన కాకినాడ బీచ్‌లోనూ ఒకటి ఉంది. అది టీయూ-95 అనే బాంబర్ నుంచి పుట్టిన సముద్ర గస్తీ విమానం. 1988లో వచ్చి మొదట దబోలింలోనే ఉంది, అంటే అంతకు ఇరవై ఏడేళ్ల ముందు మన కాన్‌బెర్రాలు బాంబులు వేసిన చోటే. తర్వాత తమిళనాడులోని అరక్కోణం మారి, అక్కడే 2017 మార్చి 29న సర్వీసు ముగించుకుంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. అంత పెద్ద ఒంట్లో నీరు నిలిచే మూలలు ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

ఎగిరే విమానాన్ని రోజూ ఎవరో ఒకరు తడిమి చూస్తారు. బాగా ఎత్తుకి వెళ్లి పొడిగాలిలో ఆరి వస్తుంది. నిలబడ్డ విమానానికి ఆ రెండూ పోతాయి. అందుకే ఆకాశంలో యాభై ఏళ్లు తట్టుకున్నది నేల మీద పదేళ్లలో చివికిపోతుంది.

చెయ్యి పెట్టే ముందు

ఇక్కడ సరదా లేదండి. పాత యుద్ధవిమానంలో పేలేవి ఉంటాయి. ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటు కింద మందుగుండు, పైకప్పు ఊడగొట్టే చిన్న చార్జీలు, కాన్‌బెర్రా తరం ఇంజన్లకైతే వాటిని తిప్పి మొదలుపెట్టడానికి పేల్చే స్టార్టర్ కార్ట్రిడ్జులు, మంటలార్పే సిలిండర్లకి ఉండే పేలుడు వాల్వులు. వీటన్నిటినీ తీసేశామని విమానం ఇచ్చిన శాఖ నుంచి రాతపూర్వకంగా కాగితం తీసుకునే దాకా కాక్‌పిట్‌లోకి ఎవరినీ ఎక్కించకండి, పిల్లల్ని అసలు వద్దు. చక్రాల కాళ్లలో, హైడ్రాలిక్ గుండ్లలో గ్యాసు ఒత్తిడి ఇంకా ఉండొచ్చు, టైర్లలో కూడా. ఆ గాలి తెలిసినవాళ్ల చేత దింపించాలి.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది: ఆ కాలపు కొన్ని మీటర్ల ముళ్లకీ అంకెలకీ చీకట్లో మెరిసే రేడియం రంగు పూసేవారు. ఇప్పుడు మెరవకపోవచ్చు, కానీ రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. అద్దం పగిలిన మీటరు కనిపిస్తే చేత్తో తుడవొద్దు, గీకొద్దు, ఆ కాక్‌పిట్ తలుపు మూసేసి రేడియేషన్ కొలిచేవాళ్లని పిలిపించండి. ఇంజను చుట్టూ చుట్టిన దుప్పట్లలో, గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పాత పసుప్పచ్చ, ఆకుపచ్చ ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది, దాన్ని పొడిగా శాండ్‌పేపర్ కొట్టి ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ముప్పు. తడిపి రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, వచ్చిన బురదని కాలువలో కలపకండి. కింద చేపల చెరువులున్నాయి.

ఎక్కడ, ఎలా నిలబెట్టాలి

మన ఒండ్రు నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. మూడు కాళ్ల మీద నిలబడ్డ విమానం కింద పలచటి సిమెంటు పలక పోస్తే రెండేళ్లలో ఒక కాలు దిగిపోయి ఒంగుతుంది. ఒంగిందంటే డ్రెయిన్ రంధ్రాలు లోపలి నీళ్లకి ఎత్తులో పడిపోతాయి, నీరు పోదు. ఇంటికి వేసినట్టు లోతు నుంచి పునాది వెయ్యండి, చుట్టుపక్కల వరద గుర్తులు చూసుకుని అరుగు ఎత్తు పెంచండి, అరుగు మీద నీరు నిలవకుండా వాలు పెట్టండి. విమానం కింద గడ్డి పెంచకండి. అందంగానే ఉంటుంది కానీ రాత్రంతా అడుగు రేకుకి ఆవిరి పడుతున్నట్టే.

బరువు టైర్ల మీద ఉంచకండి. జాక్ పెట్టే చోట్లు రెక్కల కింద, ముక్కు దగ్గర గుర్తులతో ఉంటాయి, అక్కడే ఇనుప స్టాండ్లు పెట్టి, మధ్యలో రబ్బరు గానీ నైలాన్ దిమ్మె గానీ వేసి, టైరు నేలకి తగిలీ తగలనట్టు లేపి ఉంచాలి. ముక్కులోంచి పరికరాలు, సీట్లు తీసేసి ఉంటే బరువు వెనక్కి పోయి విమానం తోక మీద కూలబడే ప్రమాదం ఉంది. తోక కింద ఒక స్టాండు తప్పనిసరి. ముక్కులో బరువు పెట్టాల్సి వస్తే ఇసుక బస్తాలు వద్దు, ఇసుక చెమ్మ పట్టి ఉంచుతుంది, మన తీరపు ఇసుకైతే ఉప్పు కూడా. రంగు వేసిన సిమెంటు దిమ్మెలు వాడండి.

నీటి దారులు తెరవడం

ఇదే అసలు పని, దీనికి మాత్రం తొందర వద్దు. మంచి ఎండున్న రోజు, వీలైతే ఫిబ్రవరిలో, ఒక పుస్తకం, సుద్దముక్క, టార్చి, ఒక పల్చటి వెదురు పుల్ల పట్టుకుని విమానం కిందికి వెళ్లండి. ఇనుప చువ్వ వద్దు, లోపల ఎక్కడైనా గీసుకుంటే ఆ గీత దగ్గరే తుప్పు మొదలవుతుంది. డ్రిల్లు అసలే వద్దు. ఉన్న రంధ్రం తెరవాలి, కొత్తది పెట్టకూడదు, పెట్టినచోట స్పార్ ఉండొచ్చు.

రంధ్రాలు ఎక్కడుంటాయి? ప్రతి గదికి అడుగున అతి లోతైన చోట. రెక్క లోపల పక్కటెముకల్లా ఉండే రిబ్బుకీ రిబ్బుకీ మధ్య, వెనక అంచు దగ్గర, కదిలే రెక్క ముక్కల కింది అంచున, పొట్ట కింద, బాంబుల గది తలుపుల లోపలి మడతల్లో, చక్రాల గుంటల్లో, తోక కొసన. బాంబర్లలో మీరు మరచిపోకూడనిది బాంబుల గదే. తలుపులు మూసి ఉంటే వాటి లోపలి రేకుకీ బయటి రేకుకీ మధ్య నీరు నిలబడిపోతుంది, పైకి ఏమీ తెలియదు. నేనైతే ఆ తలుపుల్ని అరచెయ్యి వెడల్పు తెరిచి, ఆ సందుకి దోమల జాలీ కట్టి వదిలేయమంటాను.

ప్రతి రంధ్రాన్నీ పుల్లతో మెల్లగా తిప్పి శుభ్రం చేసి పక్కనే సుద్దతో నంబరు వేసి పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత మొదటి పెద్ద వాన కోసం ఆగండి. వాన వెలిసిన అరగంటకి గొడుగు పట్టుకుని మళ్లీ కిందికి వెళ్లి ఏ నంబరు కారుతోంది, ఏది కారట్లేదు అని చూడండి. కారేదాని గురించి బెంగ లేదు. చుట్టూ అన్నీ కారుతుంటే ఒక్కటి మాత్రం పొడిగా ఉందంటే లోపల మట్టో, గూడో అడ్డం ఉంది. కారుతున్న నీళ్ల రంగు కూడా రాయండి: తేటగా ఉంటే మంచిది, తెల్లగా పాలలా ఉంటే అల్యూమినియం తింటోంది, ఎర్రగా ఉంటే ఇనుప బోల్టులు. ఒక వానాకాలం ఇలా రాస్తే విమానం లోపల ఏం జరుగుతోందో రేకు విప్పకుండానే మీకు అర్థమవుతుంది.

ఈ రంధ్రాలకి మట్టిగూళ్లు కట్టే కందిరీగలతో బెడద. వారం రోజుల్లో తడిమట్టి తెచ్చి బిరడా కొట్టినట్టు మూసేస్తాయి. జూన్ నుంచి జనవరి దాకా నెలకోసారి పుల్ల తిప్పాల్సిందే.

కడగడం, కానీ ఏ నీళ్లతో?

ఉప్పు పోవాలంటే మంచినీళ్లతో కడగాలి. ఇక్కడే మన తీరం వాళ్లు పొరబడతారు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఆ నీళ్లతో విమానం కడగడమంటే ఉప్పు తీసి ఉప్పు పూయడమే. గోదావరి కాలువ నీరు తేర్చి గానీ, కుళాయి నీరు గానీ, పైకప్పు మీద పట్టిన వాననీరు గానీ వాడండి. నీటిలో లవణం ఎంతుందో చూసే చిన్న టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, రొయ్యల చెరువులున్న ఊళ్లో ఆక్వా ల్యాబు ఉంటే అక్కడైనా చూపించుకోవచ్చు. కడిగిన నీళ్లు రెక్క నుంచి కారేటప్పుడు ఒక గ్లాసు పట్టి మళ్లీ మీటరు పెట్టండి. పోసిన నీళ్ల అంకెకీ కారిన నీళ్ల అంకెకీ తేడా తగ్గేదాకా కడగాలి.

సబ్బు ఘాటు లేనిది, కారు షాంపూ లాంటిది చాలు. బట్టల సోడా, బాత్రూం యాసిడ్, బ్లీచింగు అల్యూమినియంని తినేస్తాయి. ఇత్తడి బిందెలు తళతళలాడతాయని చింతపండు రుద్దుతాం కదా, ఆ అలవాటుతో విమానం రేకుకి పులుపు తగిలించకండి. పీచు కూడా ఇనుపది వద్దు. ఇనుప రజను రేకులో దిగబడి ఒక్కో రేణువూ ఒక్కో తుప్పు గుంట అవుతుంది. మెత్తటి స్పాంజీ, నైలాన్ బ్రష్షు చాలు. ప్రెషర్ పంపుతో అతుకుల్లోకి కొట్టకండి. సముద్రానికి దగ్గరగా ఉంటే నెలకోసారి, రాజోలు, అమలాపురం లాంటి లోపలి చోట్ల రెండు మూడు నెలలకోసారి. పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి ఆరుతుంది. సాయంత్రం కడిగితే రాత్రంతా తడే.

తెల్లపొడి, పాము జాడలు, ఉబ్బిన రేకు

అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు, అందుకే చాలామంది తుప్పు లేదనుకుంటారు. రివెట్ చుట్టూ తెల్లపొడి, రంగు కింద నత్త పాకినట్టు సన్నటి గీతలు, రేకు అంచున పొరలు పొరలుగా పులిసి పైకి లేవడం, ఇవీ గుర్తులు. చివరిది అన్నిటికన్నా చెడ్డది. లోహం లోపలి నుంచి పొరలుగా విడిపోతోందన్నమాట, పైన రంగు వేసి దాచినా ఆగదు. ఆ చోటు చిన్నదైతే నైలాన్ ప్యాడ్‌తో మెరిసే లోహం వచ్చేదాకా తీసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, లోహాన్ని కరిచిపట్టే ఎచ్ ప్రైమర్, ఆ పైన ఎపాక్సీ ప్రైమర్, అప్పుడు రంగు. బరువు మోసే దూలాల్లో కనిపిస్తే సొంత వైద్యం వద్దు.

ఇనుప బోల్టు అల్యూమినియంలో దిగి, మధ్యలో ఉప్పుతడి చేరితే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది, కరిగేది అల్యూమినియమే. కాబట్టి ఊడిపోయిన స్క్రూ స్థానంలో హార్డ్‌వేర్ షాపు స్క్రూ పెట్టే ముందు, కనీసం రంధ్రానికీ స్క్రూకీ సీలెంటు పూసి లోహానికి లోహం తగలకుండా చెయ్యండి. ఆ కాలపు చక్రాల్లో, గేర్‌బాక్సు మూతల్లో మెగ్నీషియం కలిసిన లోహం ఉంటుంది. దానికి ఉప్పు ఇంకా గిట్టదు, గ్రైండర్ పెడితే రజను అంటుకుని మండుతుంది, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది. అక్కడ చేత్తోనే పని.

లోపలి గదుల్లోకి, నీటిని పక్కకి తోసేసి రేకు మీద పల్చగా నిలిచే నూనె కొట్టాలి. ఏసీఎఫ్-50 లాంటివి దీనికే ఉన్నాయి. తనిఖీ మూతలు విప్పి, పొగలా వెళ్లేట్టు ఏడాదికోసారి, వానలకి ముందు. వాడేసిన ఇంజనాయిల్ పూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. కాలిన ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, దుమ్ము పట్టి బంక అవుతుంది, డ్రెయిన్ రంధ్రాలు పూడిపోతాయి.

కాన్‌బెర్రా గనక మీ దగ్గరుంటే ఒక సంగతి. అది లోహపు విమానమే కానీ తోక మీద నిలువు రెక్కలో ముందుభాగం చెక్క. ఈ విషయం తెలియక జనం దాన్ని రేకే అనుకుని వదిలేస్తారు. వేలితో తట్టుకుంటూ వెళ్లండి, బోలుగా వినిపించిన చోట పుచ్చిందో చెద పట్టిందో చూసుకోవాలి. చెద ఎక్కేది చక్రాల దగ్గర నుంచే, స్టాండ్ల మీద మట్టి గీతలు కనిపిస్తున్నాయేమో నెలనెలా చూడండి. అతుకుల దగ్గర రంగు పగలనివ్వకండి, పగిలితే ఆ వారంలోనే మూయండి. చూశారా, చెక్క దగ్గర మూయాలి, రేకు కింది రంధ్రం దగ్గర తెరవాలి.

పైన నీడ, లోపల జీవాలు

కాక్‌పిట్ పైకప్పు అద్దం కాదు, పెర్‌స్పెక్స్ అనే పారదర్శక ప్లాస్టిక్. ఎండకి పసుపెక్కి సన్నగా చిట్లుతుంది. థిన్నర్, స్పిరిట్ తగలనివ్వకండి, సబ్బునీళ్లు, అరచెయ్యి, అంతే. పైన తెల్లటి నూలుగుడ్డ కప్పండి. ధాన్యం మీద కప్పే బరకం వద్దు, కింద చెమట పట్టి పరిస్థితి ఇంకా పాడవుతుంది.

డబ్బుంటే నాలుగువైపులా గాలి ఆడే ఎత్తైన షెడ్డు వెయ్యండి, దానికి మించింది లేదు. లేకపోతే కనీసం కడియం నర్సరీల్లో కట్టే నీడవల కాక్‌పిట్ మీద, టైర్ల మీద కట్టినా లాభమే. 2013లో ఇంగ్లిష్ ఛానల్ అడుగు నుంచి ఒక జర్మన్ డోర్నియర్ 17 బాంబర్‌ని పైకి తీశారు. డెబ్బై ఏళ్లకి పైగా ఉప్పునీటిలో ఉన్న విమానం అది. దాన్ని కూడా నర్సరీ టన్నెళ్ల లాంటి పాలిథీన్ గుడారాల్లో పెట్టి, నిమ్మ ఉప్పు చాలా పల్చగా కలిపి ఘాటు సరిచేసిన నీటిని ఏళ్ల తరబడి చిమ్ముతూ ఉప్పు లాగారు. పులుపు వద్దన్నవాడివి మళ్లీ ఇదేంటి అంటారేమో. అది ల్యాబులో ఘాటు కొలిచి, రోజూ చూసుకుంటూ చేసే పని, మన చేతి లెక్క కాదు.

పావురాలు, గోరింకలు చేరితే రెట్టలో ఆమ్లం రేకు తింటుంది, ఎలుకలు చేరితే వైర్లతో పాటు వాటి మూత్రం ఇంకా పాడుచేస్తుంది. ఇంజను ముందు వెనకలకీ, చక్రాల గుంటలకీ గాలి ఆడే జాలీ బిగించండి, గట్టి మూత కాదు. గూడులో పిల్లలుంటే ఎగిరిపోయేదాకా ఆగి అప్పుడు తీయండి.

తుఫాను

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ ఆ రోజుల్లో జనం ఊళ్లు వదిలి లోపలికి పోయిన సంగతి చెప్పేది. బాంబర్ అంటే కింద ఉన్నవాళ్లకి ఏమిటో తెలిసిన తీరం మనది, అందుకే ఈ యంత్రాలు పిల్లల కళ్లెదుట ఉండాలని నాకు గట్టిగా ఉంటుంది. కానీ మన దగ్గర వాటికి పెద్ద గండం బాంబులు కాదు, 1996 నవంబరు 6 లాంటి రాత్రి. ఆ రాత్రి కోనసీమ కొబ్బరితోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్లకి గాలి బలం వేరే చెప్పక్కర్లేదు.

రెక్క పుట్టిందే గాలికి లేవడానికి. కాన్‌బెర్రా ఖాళీ బరువు సుమారు 10 టన్నులు, ఇంజన్లు తీసేసి ఉంటే ఒక్కోదానికి టన్నుకి పైనే తగ్గుతుంది. తుఫాను గాలికి ఆ బరువు చాలదు. నేలలో పాతిన కాంక్రీటు దిమ్మెలకి, రెక్కల కింద కట్టే కొక్కేల నుంచి గొలుసులు వెయ్యండి, మరీ బిగించకండి, మరీ వదులు వద్దు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, గొలుసే మేలు. రెక్క పైన ముందు అంచు వెంబడి స్పాంజి వేసి పొడుగు చెక్కపలకలు కడితే గాలి రెక్క మీద నునుపుగా పారదు, లేపే బలం తగ్గుతుంది. కదిలే భాగాలన్నిటికీ తాళాలు వేసి కట్టాలి. చుట్టూ ఉన్న రేకులు, బోర్డులు, బెంచీలు ముందే తీసేయండి, విమానానికి ఎక్కువ దెబ్బలు తగిలేది వాటివల్లే.

తుఫాను వెళ్లిన తర్వాత రెండు మూడు రోజులకి తీరంలో చెట్ల ఆకులు మాడినట్టు నల్లబడటం చూసే ఉంటారు, అది ఉప్పు. ఆ ఉప్పే రెక్క మీదా, లోపలా ఉంటుంది. కరెంటు లేకపోయినా, రోడ్డు తెగిపోయినా, ట్యాంకులో పట్టి ఉంచిన మంచినీళ్లతో 48 గంటల్లోపు ఒకసారి పై నుంచి కింద దాకా కడిగించండి. ఆ నీళ్లు ముందే పట్టి పెట్టుకోవాలి, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే. తర్వాత పుస్తకం తీసి, వెదురు పుల్లతో ఒకటో నంబరు రంధ్రం నుంచి మొదలుపెట్టండి. గొలుసులు మాత్రం అప్పుడే విప్పకండి, డిసెంబరు దాటాక చూద్దాం.